సారంగు దగ్గరికి మడమ తట్టి రావాలి

గవరయ్య ఎడమ అరచేతిలో రూపాయి బిళ్ళంత గుంట ఉంది. ఖిదిర్‌పూర్ రేవులో బస్తాలు దించే రోజుల్లో పక్క జట్టువాడితో తగువొచ్చింది. వాడు విసిరిన కొక్కెం అరచేతిలో దిగి అవతలికి వచ్చింది. గవరయ్య దాన్ని పీకి పారేసి, ఆ రక్తపు చేత్తోనే వాడి దవడ విరగ్గొట్టాడు. మర్నాడు అరటిపళ్ళు పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళి, వాడి మంచం పక్కన సాయంత్రం దాకా కూర్చున్నాడు. మనిషి తీరే అంత. కొట్టడం ముందు, కుమిలిపోవడం తరవాత.

సారంగు కూడా ఆ రేవు బిడ్డే. ఎవరో ఓడ అధికారి వదిలేసిపోయిన అల్సేషియన్ కూన. అందరికంటే ముందు నడిచేదని, ఓడ పనివాళ్ళ పెద్దను పిలిచే పేరే దానికి పెట్టారు. గిడ్డంగిలో ఇనుము దొంగలు పడ్డ రోజున వీపు మీద కత్తివేటు పడినా, పట్టిన దొంగ ముంజేతిని వదల్లేదు. వాడి చేతి లోపలి ఎముక కనబడిందట. రెండోవాణ్ణి గవరయ్య కొక్కెం పిడితో చితగ్గొట్టాడు. ఆ వేటు పడ్డ చోట సారంగుకు ఇప్పటికీ వెంట్రుక మొలవలేదు.

ఇప్పుడు దానికి పన్నెండేళ్ళు. ఆయనకు అరవై ఎనిమిది. భార్య అప్పాయమ్మ పోయాక, గార్డెన్ రీచ్ లైను ఇళ్ళలో ఆ ఒంటి గదిలో వాళ్ళిద్దరే. నలభై కిలోల కుక్కకి వెనక కాళ్ళు పడిపోయాయి. గవరయ్య గోనెసంచిని పొడవుగా మడిచి, పొట్ట కిందనుంచి తీసి, రెండు కొసలూ రెండు చేతులా పట్టుకుని దాని నడుము లేపుతాడు. "హైసా" అని బస్తా ఎత్తే రేవు కేక వేస్తూ కాలవ దాకా నడిపిస్తాడు. దవడ పళ్ళు ఊడిపోయి ముందు కోరలే మిగిలాయి కాబట్టి మాంసం కొట్టు సాహెబు మెత్తటి ముక్కలు ఏరి పెడతాడు. పక్కలకి పుళ్ళు పడకుండా ఎదురింటి బెంగాలీ ముసలామె పాత చీరలు దొంతరగా పేర్చి బొంత కుట్టి ఇచ్చింది. అమ్మవారు ఎవరెవరి చేతుల్లోంచో పెడుతుంది.

రెండేళ్ళ కిందటే చెవులు పోయాయి, చూపు మసకేసింది. నిద్రలో ఎవరైనా తగిలితే చటుక్కున కోర దించేది. అప్పుడు గవరయ్యకు రేవు పద్ధతి గుర్తొచ్చింది. ఓడ గర్భంలో క్రేను మోతకి కేకలు వినబడవు. పైనున్నవాడు చెక్క మీద మడమతో రెండు దెబ్బలు కొడితే, కిందివాడు అదురు పసిగట్టి తప్పుకునేవాడు. గవరయ్య గుమ్మం ముందు నుంచి గది లోపలి దాకా ఒక పాత ఓడ చెక్క పరిచి, సారంగు పక్కను దాని మీదే వేశాడు. లైనులో పన్నెండు గదులవాళ్ళూ ఆ గుమ్మం దగ్గరికొస్తే మడమతో రెండుసార్లు తట్టేవారు. పాలామె కూడా తట్టేది. సారంగు తలెత్తి తోక ఆడించేది. రెండేళ్ళు ఒక్కరినీ కరవలేదు.

ఈ వేసవిలో పోలమ్మ తల్లి పండగ వచ్చింది. ఘటం ఎత్తుకుని గుమ్మం గుమ్మానికీ తిరిగే వంతు జగ్గమ్మది. గవరయ్య పాత జట్టువాడి భార్య ఆమె. ఘటం నెత్తినున్నంతసేపూ మాట్లాడకూడదు, నేలను తన్నకూడదు. వెనక వచ్చేవాళ్ళు కూడా అడుగు మెత్తగా వేస్తారు. ఆదివారం పొద్దున్న పసుపునీళ్ళతో తడిసిన కాళ్ళతో జగ్గమ్మ ఆ చెక్క ఎక్కింది. తడి చీర కుచ్చిళ్ళు సారంగు మూతికి తగిలాయి.

కోరలు పిక్కలో దిగాయి. ఘటం పడి ముక్కలైంది. దీపం నూనె, వేపాకు, పసుపునీళ్ళు, రక్తం అన్నీ చెక్క మీద కలిసిపోయాయి. గవరయ్య పరిగెత్తుకొచ్చి, ఎన్నడూ కొట్టని కుక్కని మూతి మీద పిడికిలితో గుద్దాడు. అది వదిలేసింది. గుద్దిన చేతిని వాసన చూసి నాకింది.

జగ్గమ్మను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. గవరయ్య కుక్కను బొంతతో సహా చెక్క లోపలి కొసకి ఈడ్చి పడుకోబెట్టి, గుమ్మంలో కొక్కెంతో నిలబడ్డాడు. గంటలో జగ్గమ్మ కొడుకు రమణబాబు ఇనప కడ్డీతో వచ్చాడు. వెనక నలుగురు ఇటుకలతో.

"సిన్నాన్నా, తప్పుకో. నీ పిచ్చికుక్క మాయమ్మ పిక్క పీకీసింది. ఘటం పగిలిపోనాది. ఈ లైనులో ఇంకెన్ని పీనుగులు లేగాలో!"

"పిచ్చెక్కితే నానే సంపుతాన్రా. నా సేత్తోనే. నివ్వు ముట్టకు."

"ఎప్పుడు సంపుతావు? రేవులో మనుసుల దవడలిరిసినోడివి, కుక్కకి గోనె కట్టి ఊరేగిస్తన్నావు!"

"నోరు ముయ్యి. మీ నాన్న ఎదురుగా ఇలాగ మాటాడేవోడివా?"

కడ్డీ గవరయ్య భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఎదురింటి దాకా వినబడింది. గవరయ్య రెండో చేత్తో కొక్కెం విసిరాడు. అది రమణబాబు ముంజేతిని మోచేతి దాకా చీల్చేసింది. ఒక ఇటుక తలుపు పగలగొట్టింది, ఒకటి గవరయ్య నుదురు చీల్చింది. ఆయన మోకాళ్ళ మీద పడ్డాడు గానీ గుమ్మం వదల్లేదు. రమణబాబు రక్తం కారే చేత్తోనే కడ్డీ ఎత్తి, ఆయన తల మీదుగా లోపలికి చూసి ఆగిపోయాడు.

సారంగు గోడ వైపు తిరిగి గుర్రు పెడుతోంది.

అప్పుడే ఆటో వచ్చి ఆగింది. జగ్గమ్మ దిగి, కట్టు కట్టిన కాలు ఈడ్చుకుంటూ వచ్చి, ముందు కొడుకు చెంప పగలగొట్టింది.

"ఒరే, ఎవులు తట్టినార్రా సెక్క మీద? నాను తట్నానా? మీరు తట్నారా?"

రమణబాబు చెక్క వైపు చూశాడు.

"నెత్తి మీద అమ్మని పెట్టుకుని తట్టకూడదని, మెత్తగా ఎల్లి దాని మూతి మీద పడ్డాను. పిచ్చంట పిచ్చి! గవరయ్యా, నీకూ అదే తోసిందేటి?"

గవరయ్య కళ్ళల్లో పడుతున్న రక్తం తుడుచుకున్నాడు. "తోసిందొదినా," అన్నాడు. "గుద్దీసినాను దాన్ని."

పండగ రోజుల్లో ఘటం ఎత్తిన మనిషి మాటకి ఎదురు లేదు. జగ్గమ్మ ద్వారబంధం పట్టుకుని, కుట్లు పడ్డ కాలితోనే చెక్క మీద మడమతో రెండు దెబ్బలు కొట్టింది. కట్టు ఎర్రగా తడిసింది. లోపల సారంగు తలెత్తింది. ముందుకాళ్ళతో నేలమీద పాక్కుంటూ గుమ్మం దాకా వచ్చి, ఆమె పాదాల దగ్గర గడ్డం ఆనించింది. తోక ఆడింది. నలుగురూ చేతుల్లో మిగిలిన ఇటుకలు కింద పెట్టేశారు.

మర్నాడు పొద్దున్న గవరయ్య ఒక చెయ్యి మెడకి కట్టుకుని, గోనెసంచి ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఒంటి చేత్తో సంచి రెండు కొసలూ అందడం లేదు. సారంగు ఆపుకోలేక మూలుగుతోంది. చెక్క మీద రెండు దెబ్బలు పడ్డాయి.

రమణబాబు. కుడి చేతికి మోచేతి దాకా కట్టు. ఏమీ అనకుండా ఎడమ చేత్తో ఒక కొస పట్టుకున్నాడు. రెండోది గవరయ్య పట్టుకున్నాడు.

"ఎత్తరా. సమంగా ఎత్తు. బస్తా కాదది."

"తెలుసు. నివ్వు సెప్పనక్కర్లేదు."

"హైసా," అన్నాడు గవరయ్య.

రమణబాబు పళ్ళు బిగించి ఎత్తాడు. సారంగు ఒక్కో అడుగే వేసుకుంటూ కాలవ వైపు కదిలింది.