మొండయ్య ఈల: ఇటొకటి, అటొకటి

బొగ్గుబాయిల తొట్లు గుంజే ఇంజన్ నడిపిన మొండయ్య రిటైరై ఆరేండ్లు. కాలనీ ఆటల పోటీలకు మాత్రం ఇప్పటికీ ఆయనే రిఫరీ. రూలుబుక్కు చదవలేదని కాదు, రెండుసార్లు చదివిండు. కానీ న్యాయమంటే ఏందో అంతకుముందే ఇంట్ల నేర్చుకున్నడు. జమ్మికుంట దిక్కు వాళ్ల ఊర్ల ఆయన బాపు పంచాయితీ పెద్దమనిషి. గట్టు తెగినా, బర్రె చేన్ల పడ్డా ముసలాయన తీర్పు ఒక్కటే: తప్పు ఎవలిదైనా ఇద్దరూ సగం సగం ముఖం మాడ్చుకోని ఇంటికి పోవాలె. లోకంల చానా కోర్టులు గిట్లనే నడుస్తయి గానీ, అది వేరే ముచ్చట.

మొండయ్య ఆ తీర్పును బాస్కెట్‌బాల్ కోర్టుకు తెచ్చిండు. ఇటు ఒక ఫౌల్ ఊదితే, అటు ఒకటి ఊదేదాక ఆయనకు ఊపిరాడది.

ఆ ఆదివారం పొద్దున ఆడపిల్లల మ్యాచ్. జిల్లా జట్టుల ఒక్క జాగ ఖాళీ ఉంది. పిల్లను ఏరెతందుకు కరీంనగర్ నుంచి లక్ష్మణ్ సార్ వచ్చిండు. ఒకదిక్కు కెప్టెన్ ఉమారాణి, మొండయ్య చెల్లె బిడ్డ. ఈ యేడు తప్పితే ఆ పిల్లకు వయసు దాటిపోతది. ఇంకోదిక్కు కెప్టెన్ జమున.

మేనకోడలని పక్షపాతమంటరేమోనని మొండయ్యకు గుబులు. ఉమారాణి బాల్ పట్టి కదలంగనే ఊదిండు.

"నేను ఎవల్నీ తాకనే లేదు మామా!"

"కోర్టుల మామ లేడు. చెయ్యెత్తు."

నిమిషం కాకముందే జమున మీద ఒకటి.

"గిదేం ఫౌల్, తాతా?"

"మొదటిదానికి జోడు."

ఆట ఇచ్చోడ పల్లె బస్సు లెక్క అడుగడుగుకు ఆగింది. మోచెయ్యి ఆనితే ఈల, నడుము పట్టి నూకితే లేదు. ఏది తప్పో తెలువక ఒకతె ఉరుకుడు మానేసింది, ఇంకొకతె నూకుడు పెంచింది.

సగం ఆటకే లక్ష్మణ్ సార్ లేచిండు. "మొండయ్యన్నా, నేను పిల్లల ఆట చూద్దామని వచ్చిన. వరుసగ రెండు నిమిషాలు ఆడంగ చూడలే. ఎవల పేరు రాయాలె? ఉత్త కాయితమే పట్టుకపోత."

ఉమారాణి ముఖం తెల్లబోయింది. ఉరికొచ్చి మామ ముంగట చెయ్యి చాపింది.

"ఈల ఇయ్యి."

"రిఫరీ లేని ఆట యాడన్న ఉంటదా బిడ్డా?"

"ఉన్నప్పుడు ఆట యాడుండె?"

"పది నిమిషాలు ఆడుర్రి, చూస్త," అని లక్ష్మణ్ సార్ మళ్ల కుర్చీల కూసున్నడు. మొండయ్య మెడల నుంచి ఈల తీసిచ్చిండు.

ఎవల తప్పుకు వాళ్లే చెయ్యెత్తి బాల్ ఇచ్చేసిర్రు. ఈ కొస నుంచి ఆ కొసకు ఆట ఆగకుంట ఉరికింది. మొండయ్య మూడుసార్లు పెదవులు ముడిచిండు గానీ వట్టి గాలే వచ్చింది.

లక్ష్మణ్ సార్ ఉమారాణి పేరు రాసిండు. మొండయ్య కండ్లు తుడుచుకున్నడు. అంతల తల వంచుకోని నీళ్లు తాగుతున్న జమున కండ్లబడ్డది. ఇగ మనసు ఆగలే.

"సార్, ఇటొకల్ని రాసిర్రు. అటొకల్ని..."

"ఒక్కటే జాగ, అన్నా."

"అయితే ఒక మ్యాచ్ ఈ పిల్ల, ఒక మ్యాచ్ ఆ పిల్ల..."

"మామా, జర ఊకుంటవా?" అని మొత్తుకున్నది ఉమారాణి.

జమున సీసా మూత బిగించింది. "నాకు సగం జాగ వద్దు తాతా. వచ్చే యేడు నువ్వు ఈల ఇడిచి గా సార్ కుర్చీల కూసోని చూడు, నేను పూర జాగ కొడత."