బోల్తా పడ్డ కారు నుంచి తీసినవి

మొన్న మా మనవడి చిన్న కారులో కోవిల్‌పట్టి బజారుకు పోతుంటే గుంత వచ్చిన ప్రతిచోటా నా నడుము కలుక్కుమంది. "షాక్ అబ్జార్బర్లు పోయినాయి అవ్వా, మార్చాల" అన్నాడు వాడు. షాపులో రెండు మూడు రకాలు బల్ల మీద పెడితే, సంతలో కూరగాయలు ఏరినట్టు ఒక్కోదాన్నీ ఎత్తి చూడసాగాడు. నేను కారు దిగలేదు. నా చిన్నతనంలో ఒకసారి ఆ ఎంపిక నా మీద పడింది. ఇన్నేళ్లయినా ఆ ఇనప సామాను వైపు చూడలేను.

ముప్పైల నాటి మాట. మా మామ, అంటే నాకు మేనమామా మామగారూ ఆయనే, ఎట్టయాపురం పక్కన మా పల్లెకు ఒక చిన్న సీమకారు తెచ్చాడు. మా నల్లరేగడి దారులు ఎండితే రాయి, తడిస్తే జిగురు. బండిచక్రాల గాడుల్లో ఆ కారు ఎగిరెగిరి పడేది. అత్త దానికి 'మిడత' అని పేరు పెట్టి, ఎక్కిన ప్రతిసారీ నవ్వించేది. తరువాత ఎట్టయాపురంలో ఒక పెళ్లికి అందులోనే పోయి వచ్చాం. ఆ మర్నాడు నా మొదటి కడుపు పోయింది. ఎవరూ కారును నిందించలేదు. అత్త మాత్రం ఆపైన మిడత అనడం మానేసి, ఉత్తినే 'అది' అనేది.

రెండోసారి నిలిచినప్పుడు విరుదునగర్ డాక్టరమ్మ, కాన్పు ఆసుపత్రిలోనే కావాలంది. రైలు మన నొప్పుల వేళకు రాదు కదా. ముందు కారు కుదుపు పోగొట్టాలని మామ పట్టుబట్టి, నన్ను డాక్టరమ్మకు చూపించిన రోజే కారును షెడ్డుకు తీసుకుపోయాడు. విరుదునగర్ గాలి నిండా మిరపకాయల ఘాటు, నువ్వుల నూనె వాసన. తుమ్ముకుంటూనే లోపలికి పోయాం. షెడ్డు మేస్త్రీ తెలుగు క్రైస్తవుడు, మామను చూడగానే అరవం విడిచి మన మాటలోకి వచ్చాడు. షాక్ అబ్జార్బర్లు రెండు జతలు చూపించాడు. ఒకటి మద్రాసు నుంచి వచ్చిన కొత్త జత, బిళ్లలు ఒకదానితో ఒకటి రాసుకుని ఊపును ఆపే రకం. రెండోది లోపల నూనె పోసిన పాత జత. పొద్దున ఒకటీ మధ్యాహ్నం ఒకటీ బిగించి, మమ్మల్ని కూర్చోబెట్టుకుని రైలు గేటు దాటించాడు. కొత్తవాటితో పట్టాలు నా వెన్నులో తెలిశాయి. పాతవాటితో, పడవలో పోయినట్టుంది.

"ఇవి ఏ వండిలోవి?" అని అడిగాను. కారును మేం అరవవాళ్లలా వండి అనేవాళ్లం.

మేస్త్రీ చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. "మీరు వచ్చిన దారిలోనే, సాత్తూరు వంతెన మీద నుంచి పడిందమ్మా, ఆ వండివి. వీటి తప్పు ఏమీ లేదు" అని పెరటి వైపు చూశాడు.

అక్కడ టాపు అణిగిపోయిన కారు చక్రాలు లేకుండా రాళ్ల మీద ఉంది. వెనక సీటులో ఒక కోడి పొదుగుతూ, దాని ఇంటికి చుట్టాలొచ్చినట్టు మమ్మల్ని చూసింది. కోడి కింద ఉన్నది దిండు. పక్కన ఇంకో రెండు. అత్త నా నడుముకు ఆసరాగా సర్దినట్టే సర్ది ఉన్నాయి. ఆ కారులో పోయినది ఎలాంటి మనిషో నాకు తెలిసిపోయింది. అడగలేదు. మామ మాకు సంబంధం లేని టైరునొకదాన్ని అదేపనిగా పరీక్షిస్తున్నాడు.

"నీ ఒళ్లు, నీ బిడ్డ. నువ్వే చెప్పాల పాపా" అన్నాడు, తిరిగి చూడకుండా.

వంతెన ఒక్కచోటే ఉంటుంది, కుదుపు దారి పొడుగునా ఉంటుంది అనుకున్నాను. "మెత్తగా పోయేవే వెయ్యమనండి మామా" అన్నాను. ఆ రాత్రి ఇంటికి పోతూ వంతెన దగ్గర కళ్లు మూసుకున్నాను.

ఆపైన నెలలు ఎలా గడిచాయో దేవుడికి తెలియాలి. పొద్దున్నే మామ వంగి కారు కింద చూసేవాడు. నేల మీద అరచేయంత నూనె మరక ఉండేది. తుడిపిస్తే మళ్లీ వచ్చేది. నూనె కారడం మామూలేనని మా ఆయన అనేవాడు, అవసరమైనదానికన్నా ఎక్కువసార్లు అనేవాడు. సంగతి తెలియని అత్త నిమ్మకాయ కట్టించింది. అరవవాళ్ల అయిప్పసి నెల వచ్చి వానలు దిగాయి. పడుకుంటే ఆ కోడి కళ్లు కనబడేవి.

నొప్పులు మధ్యాహ్నం మొదలయ్యాయి. ఉత్తరాన ఆకాశం కాటుక పూసినట్టుంది. మామ తోలాడు, మా ఆయన పక్కన కూర్చున్నాడు, వెనక అత్త ఒడిలో నా తల. సాత్తూరు దగ్గర కారు నెమ్మదించింది. తల ఎత్తి చూశాను. కింద ఏరు ఎర్రగా, ఒడ్డులు ఒరుసుకుంటూ పోతోంది. ఒకచోట వంతెన పిట్టగోడ లేదు, తాటి దుంగలు అడ్డం కట్టి ఉన్నాయి. మామ మెడ వెనక చెమట కాలువ కట్టింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. దుంగలు ఒక్కొక్కటిగా అద్దం పక్కనుంచి వెనక్కి పోయాయి. మెత్తగా, ఏ కుదుపూ లేకుండా, అవతలి గట్టుకు చేరాం.

దీపాలు పెట్టే వేళకు ఆడపిల్ల పుట్టింది. మర్నాడు అందరూ కాఫీకి పోయినప్పుడు మామ మంచం పక్కన నిలబడ్డాడు. "ఆ వండిలో పోయింది నిండు చూలాలు. కాన్పుకే పోతా ఉండింది. నాకు ముందే తెలుసు. చెప్పింటే నువ్వు గట్టివి అడిగింటావు" అన్నాడు.

"నాకూ తెలుసు మామా" అన్నాను.

ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని బయటికి పోయాడు. మళ్లీ ఎన్నడూ ఆ కారు తోలలేదు. ఏడాది తిరగకుండానే కోవిల్‌పట్టి దూది మిల్లాయనకు ఇచ్చేశాడు. ఆ కారు కోవిల్‌పట్టిలో చాలా ఏళ్లు తిరిగింది, దానికి ఏమీ కాలేదని విన్నాను.

నా కూతురు పెరిగింది, పెళ్లయింది, దాని పిల్లలకూ పిల్లలు పుట్టారు. ఆ సుఖమైన ఏళ్లను తలచుకుందామంటే ఒక్క రోజూ విడిగా చేతికి చిక్కదు. భయపడుతూ దాటిన ఆ వంతెన మాత్రం, నిమిషమైనా పట్టనిది, ఇంత ఆయుష్షులోనూ అన్నిటికన్నా పొడుగ్గా మిగిలింది.