తోడుకోని పాలు

చేతి గుణాన్ని బట్టి పాలు తోడుకుంటాయని నమ్మే ఇంట్లో నేను పన్నెండు రోజులు ఉన్నాను. అంతకు ముందు ఏలూరులో ఒక కాలేజీలో ముప్పై రెండేళ్ళు సూక్ష్మజీవుల గురించి పాఠం చెప్పాను. ఆ పన్నెండు రోజుల్లో విన్నంత అజ్ఞానం ముప్పై రెండేళ్ళ జవాబు పత్రాల్లో చూడలేదు. రాసే పిల్లలకు కనీసం తప్పేమోనన్న భయమైనా ఉండేది.

ఫిబ్రవరి ఆరో తేదీన ఏలూరులో నా ఎడమ కంటికి శుక్లం తీశారు. చుక్కలు వేసేవాళ్ళు ఇంట్లో లేరని మా చెల్లెలు పెదపాడు దగ్గరున్న తన ఊరికి తీసుకుపోయింది. వాళ్ళకు కొంత వరి పొలం, కొల్లేరు వైపు రెండు చేపల చెరువులు, పెరటి పాకలో ఒక పాడిగేదె ఉన్నాయి. చెల్లెలి భర్త, నాకు మరిది, వీటన్నిటికీ తానే వైద్యుడు. చెరువుల మందుల కొట్టులో చెప్పిందల్లా కొనుక్కొచ్చి, చేపలకు మేత చల్లినంత ధారాళంగా మందు చల్లే రకం. ఒక్కడే కొడుకు. తాడేపల్లిగూడెంలో ఆఫీసు ఉద్యోగం. పెళ్ళయి మూడు నెలలు. అక్కడ ఇల్లు కుదిరేదాకా భార్యను తల్లి దగ్గర ఉంచి ఆదివారాలు వచ్చి పోతున్నాడు. ఆ అమ్మాయి పుట్టిల్లు ముదినేపల్లి.

నేను వెళ్ళిన రోజు భోజనంలో పెరుగు లేదు. మా చెల్లెలు ఇంటి పెరుగు గురించి నలభై ఏళ్ళుగా బంధువులందరికీ చెప్పుకునే మనిషి. అందుకే అడిగాను.

"దీని చెయ్యి మంచిది కాదక్కా" అంది చెల్లెలు, కోడలు నాకు అన్నం వడ్డిస్తూ ఉండగానే. "శుక్రవారం చూసుకుని తోడు పెట్టే పని దీనికి అప్పగించాను. ఆ రోజు నుంచి పాలు పాలలాగే ఉంటున్నాయి."

"తోడు మార్చి చూశావా?"

"మూడిళ్ళ నుంచి తెచ్చాను. తోడు మార్చగలం గానీ చెయ్యి మార్చలేం కదా."

ఆ అమ్మాయి నా కంచంలో రెండోసారి చారు పోసి లోపలికి వెళ్ళిపోయింది. మరిది తల వంచుకుని తింటున్నాడు. ఆయన మాట్లాడకపోవడం నాకు వింతగా అనిపించలేదు. ఆ ఇంట్లో మగవాళ్ళకు భోజనం దగ్గర చెవులు పనిచేయవు.

వెర్రి అక్కడితో ఆగితే నవ్వి ఊరుకునేదాన్ని. చెల్లెలు ఎవరో పంతులుగారికి ఫోన్ చేసింది. ఆయన ఆ పిల్ల పుట్టిన నక్షత్రం అడిగి, హస్తదోషం ఉందనీ, నెలాఖరు దాకా పుట్టింట్లో ఉంచి శాంతి చేయించాలనీ ఫోన్లోనే తేల్చేశాడు. గిన్నెలో పాలు ఎలా ఉన్నాయో అడగాలని ఆయనకు తట్టలేదు. సోమవారం వచ్చి కూతుర్ని తీసుకెళ్ళమని ముదినేపల్లికి కబురు పోయింది. మూడు నెలల కోడల్ని చేతిలో దోషముందని పంపితే, ఆ మాట ఆ పిల్లకంటే ముందు బస్సెక్కి పోతుంది. తర్వాత ఆమె ఏ ఇంట్లో గరిటె పట్టినా దాన్నే తలుచుకుంటారు.

శనివారం పొద్దున నా కంట్లో చుక్కలు వేయడానికి వచ్చినప్పుడు ఆ అమ్మాయి కళ్ళే నా కంటికంటే ఎర్రగా ఉన్నాయి. ఊరుకోమ్మా అని వీపు నిమరడం నాకు చేతకాదు. కన్నీళ్ళలో ఏముంటుందో చెప్పాను. బాక్టీరియాకు ఒంటి చుట్టూ గోడ ఉంటుంది, చెరువుకు గట్టులాగా. లోపలి నీరు దాన్ని బయటికి తోస్తూ ఉంటుంది. కన్నీళ్ళలో లైసోజైమ్ అనే ఎంజైము ఆ గట్టును కోసేస్తుంది. కోసిన చోట క్రిమి పగిలిపోతుంది. కోడిగుడ్డు తెల్లసొనలోనూ అదే ఉంటుంది. కొన్ని క్రిములకు గట్టు మీద ఇంకో పొర ఉంటుంది కాబట్టి వాటి మీద అంతగా పనిచేయదు.

"అయితే నా కళ్ళలో ఒక్క క్రిమి కూడా మిగిలుండదండీ పెద్దత్తయ్యగారు" అంది. తర్వాత సీసా చేతిలో తిప్పుతూ అడిగింది. "ఈ చుక్కలు కూడా గట్టే కోస్తాయాండీ?"

"కొయ్యవు. ఇవి క్రిములు తమ సంతతిని పెంచుకోకుండా ఆపుతాయి. పెన్సిలిన్ జాతి మందులది ఇంకో దారి. అవి కట్టిన గట్టు జోలికి పోవు. గట్టు వేసే పనివాళ్ళను ఆపేస్తాయి. పెరుగుతున్న క్రిమి కొత్త గట్టు లేక, లోపలి నీటికి తట్టుకోలేక పగిలి చస్తుంది."

ఆ మాట చెబుతూనే ఆగిపోయాను. పాలు పెరుగయ్యేది కూడా బాక్టీరియా పెరిగితేనే. మూడిళ్ళ తోడు తెచ్చినా పెరగలేదంటే లోపం తోడులో లేదు. పాలలోనే ఏదో దాన్ని చంపుతోంది.

నేను ఊహను ఎవరికీ చెప్పను, పరీక్ష చేస్తాను. ఆదివారం వచ్చేటప్పుడు రెండు పాల ప్యాకెట్లు తెమ్మని తాడేపల్లిగూడేనికి ఫోన్ చేశాను. అబ్బాయి తెచ్చాడు. సాయంత్రం నాలుగు గిన్నెలు పెట్టించాను. రెండింటిలో గేదె పాలు, రెండింటిలో ప్యాకెట్ పాలు, అన్నీ ఒకేలా కాచినవి, ఒకే ఇంటి తోడు. గేదె పాలలో ఒక గిన్నెకు అత్తగారు తోడు పెట్టాలి, ఒక గిన్నెకు కోడలు. ప్యాకెట్ పాలకూ అంతే.

"ఇదంతా ఎందుకు పెద్దమ్మా" అన్నాడు అబ్బాయి, ఫోన్ మీంచి కళ్ళెత్తకుండా. "నాలుగు రోజులు పుట్టింటికి వెళ్ళొస్తే పోయేదానికి."

"నీకు పోయేదేమీ లేదులే" అన్నాను.

సోమవారం పొద్దున మూతలు తీశాం. ప్యాకెట్ పాలు రెండు గిన్నెల్లోనూ గడ్డలా తోడుకున్నాయి. గేదె పాలు రెండు గిన్నెల్లోనూ నీళ్ళలా కదులుతున్నాయి. మా చెల్లెలు తాను పెట్టిన గిన్నెను కాసేపు వంచి చూసింది.

"ప్యాకెట్ పాలకేం అక్కా, మిషన్ పాలు. వాటికి చేతి గుణం తెలీదు."

"మరి నీ చేత్తో పెట్టిన గేదె పాలకు ఏమొచ్చింది?"

"దీని గిన్నె పక్కనే పెట్టించావుగా."

రుజువు కళ్ళ ముందున్నా పక్కకు తప్పుకునేవాళ్ళకు సమాధానం చెప్పడం నేను ఉద్యోగంతో పాటే మానేశాను. మరిది కాఫీ తాగుతుంటే ఎదురుగా కూర్చున్నాను.

"ఏవండీ, గేదెకి పొదుగువాపు ఎప్పుడొచ్చింది?"

గ్లాసు దించాడు. "మీకెవరు చెప్పారండీ వదినగారు?"

"మీ పాలు చెప్పాయి. ఏం మందు వేశారు?"

పొదుగులోకి ఎక్కించే ట్యూబులట, పెన్సిలిన్ జాతివే. పశువుల డాక్టరును పిలవలేదు. ఒకటి రెండు ఎక్కించేసరికి వాపు తగ్గిందని ఆపేశాడు. తేలికగా చచ్చేవి చచ్చి, మొండివి మిగిలి ఉంటాయి. మళ్ళీ వాచింది, మళ్ళీ ఎక్కించాడు. మొదటి ట్యూబు ఎప్పుడని అడిగితే శుక్రవారం అన్నాడు. కోడలికి తోడు పని అప్పగించిన అదే శుక్రవారం.

"పాలు కాస్తే అన్నీ చచ్చిపోతాయి కదండీ" అన్నాడు.

"కాస్తే క్రిములు చస్తాయి. పచ్చిపాలను కొన్ని గంటలు కాపాడడానికి ప్రకృతి పెట్టిన ఎంజైములూ పోతాయి. మీరు ఎక్కించిన మందు మాత్రం చాలావరకు అలాగే ఉంటుంది. అందుకే ఆ మందు వేసినన్నాళ్ళూ, ఆపాక ఇంకొన్నాళ్ళూ పాలు వాడకూడదంటారు. ఆ మాట ట్యూబు పెట్టె మీదే ఉంటుంది. చదివారా?"

"చదివానండీ. పాల కేంద్రంవాళ్ళకి తెలిస్తే పోయించుకోరని ఊరుకున్నాను."

"అది వాళ్ళకి చెప్పకపోవడం. ఇంట్లో ఎందుకు చెప్పలేదు? రోజూ ఆ పిల్లని అంటుంటే వింటూనే ఉన్నారుగా."

"ఆడాళ్ళ విషయాల్లో నేను తలదూర్చనండీ వదినగారు."

మూర్ఖత్వాన్ని నేను ఎంతో కొంత ఓర్చుకోగలను. చెల్లెలికి తెలియదు, అందుకే వాగింది. ఈయనకు తెలుసు. తెలిసి, ఒక చిన్నపిల్ల మీద పడే నిందను పాల కేంద్రం లెక్కలో కలిపి సరిపెట్టుకున్నాడు. దాన్ని మర్యాద అనుకుంటున్నాడు పైగా.

మధ్యాహ్నం ముదినేపల్లి నుంచి అమ్మాయి తండ్రి వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు. ఏ తప్పు విన్నా క్షమించమని అడగడానికి సిద్ధమై వచ్చినట్టున్నాడు. నేను మరిది వైపు తిరిగాను.

"చెప్పండి. నేను చెబితే పాఠమవుతుంది. మీరు చెబితేనే ఆయన నమ్ముతారు."

ఆయన చెప్పాడు. గొణిగాడు, దగ్గాడు, గేదె గురించి అవసరం లేనంత చెప్పాడు. కానీ లోపం కోడలి చేతిలో లేదనీ తన మందులో ఉందనీ అందరి ముందూ చెప్పాడు. తండ్రి కుర్చీలో వెనక్కి జరిగి కూర్చున్నాడు.

"పోనీలే, అయిందేదో అయింది" అంది మా చెల్లెలు. "నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదమ్మా. ఇవాళ తోడు నువ్వే పెట్టు."

"గేదెకి తగ్గేదాకా మామయ్యగారిని పెట్టమనండి అత్తయ్యగారు" అంది ఆ అమ్మాయి, చాలా మెల్లగా. "పొమ్మన్నారని బ్యాగు సర్దుకున్నానండీ. ఉండమన్నారని విప్పలేను."

తండ్రితో వెళ్ళింది. అయితే ఏ దోషం మూటా ఆమెతో పోలేదు. తీసుకురావడానికి అబ్బాయి తాడేపల్లిగూడెం నుంచి సెలవు పెట్టుకుని ముదినేపల్లి వెళ్ళాల్సి వచ్చింది. అంతకంటే ముందు అద్దె ఇల్లు చూసుకుని రమ్మందట. మూడు నెలలుగా దొరకని ఇల్లు వారంలో దొరికింది.

ఇప్పుడు వాళ్ళిద్దరూ తాడేపల్లిగూడెంలో ఉంటున్నారు. మా చెల్లెలు మాత్రం పంతులుగారు చెప్పినట్టు కోడలు పుట్టింటికి వెళ్ళొచ్చాకే పెరుగు తోడుకుందని బంధువులకు చెబుతోంది. నేను ఖండించడం లేదు. ఆ అమ్మాయి కూడా వింటుంది, నవ్వుతుంది, తన ఇంటికి వెళ్ళి తన పాలకు తోడు పెట్టుకుంటుంది.