నొప్పి పోయిందని చెప్పిన ఆదివారం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నిరుడు ఈస్టరుకు ముందొచ్చే శ్రమదినాల్లో నా కుడి పక్కలో నొప్పి షురూ అయింది. వెనక నడుము నుంచి గజ్జల దాకా పాకేది, కూర్చుంటే ఓర్వలేను, పడుకుంటే ఓర్వలేను, మూత్రానికి పోతే మంట, పోయొచ్చిన అయిదు నిమిషాలకే మళ్లీ పోవాలనిపించేది. నాది రెజిమెంటల్ బజార్‌లో టైలర్ దుకాణమని మీకు తెలుసు. అక్కడ మూత్రానికి పోవాలంటే షట్టర్ దించి చాలా దూరం నడవాలి, అందుకని ఇరవై ఏండ్లుగా పొద్దంతా నీళ్లు తాగకుండా మిషన్ మీద కూర్చునుడు నాకు అలవాటు. అదేదో గొప్ప సంగతన్నట్టు నలుగురికీ చెప్పుకునేవాడిని సుత.

మన పాస్టరు అయ్యగారు ఇంటికొచ్చి నూనె రాసి ప్రార్థన చేసిండ్రు. నొప్పి పోయింది. నేను ఆగలేదు, ఆ ఆదివారమే ఈ మైకు ముందర నిలబడి, దేవుడు నన్ను పూర్తిగా స్వస్థపరిచిండని సాక్ష్యం చెప్పిన, మీరంతా చప్పట్లు కొట్టిండ్రు, నా భార్య కరుణ సంతోషంతో ఏడ్చింది. బుధవారం నొప్పి తిరిగొచ్చింది. ఈసారి మూత్రం ఎర్రగా పడ్డది.

ఇప్పుడెవరికి చెప్పాలె? సాక్ష్యం చెప్పినోడికి మళ్లీ నొప్పేందని నవ్వుతరేమో అనుకున్న, పైగా మగవాళ్ల తక్లీఫ్, నోరు తెరవాలంటేనే సిగ్గు. నా విశ్వాసమే చాలలేదని మూడు రోజుల ఉపవాసం పట్టిన, నీళ్లు సుత ముట్టకుండా. చూడండి నా తెలివి, నీళ్లు తాగక తెచ్చుకున్న రోగానికి ఉన్న కాసిని నీళ్లు కూడా మానేసిన.

మూడో రోజు మధ్యాహ్నం దుకాణంలో ఒక యూనిఫారం కుడుతుంటే ఒళ్లంతా వణుకు పుట్టింది, వాంతి అయింది. పక్కన కూర్చుని గుండీలకు కాజాలు కుడుతున్న కరుణ నా నుదురు పట్టి చూసింది.

"ఏందయ్యా, గిట్ల కాలిపోతున్నవ్? నొప్పి మళ్లొచ్చిందా?"

"వచ్చింది. అందరి ముందర పోయిందని చెప్పినంక ఎట్ల చెప్పను?"

"మా అందరి దగ్గర దాస్తివి. దేవుని దగ్గర సుత దాస్తవా?"

ఆ మాటకు నా గుండె పగిలింది. మోకరించబోతే నొప్పి వంగనియ్యలేదు, మిషన్ పట్టుకుని నిలబడే ప్రార్థించిన: "ప్రభువా, నీ మహిమ తగ్గుతదని కాదు, నా పరువు పోతదని దాచిన. నా శరీరం కంటే ముందు ఈ అబద్ధం నుంచి నన్ను విడిపించు." సహోదరులారా, నా విడుదల ఆస్పత్రిలో కాదు, అక్కడ మొదలైంది. షట్టర్ దించి ఆటో ఎక్కినం.

స్కాన్ చేసిన డాక్టరమ్మ, కిడ్నీ నుంచి మూత్రం దిగే గొట్టంలో రాయి అడ్డం పడిందని, దాని వెనక చీము పట్టిందని చెప్పి, అప్పటికప్పుడే సన్నని ట్యూబు వేసి మూత్రానికి దారి చేసింది. ఇంకా ఆలస్యమైతే కిడ్నీ పోయేదట, ప్రాణానికే గండమట. ఆమె నన్ను గట్టిగానే అడిగింది: "పక్కనొప్పి, మంట కలిసొస్తే రాయి కావచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు, మీ వయసు మగవాళ్లకు ప్రోస్టేట్ వాపు కావచ్చు. రక్తం పడితే, నొప్పి తగ్గినా సరే, చూపించుకోవాల్సిందే. పరీక్ష చేయందే నేనే చెప్పలేను, మీకు మీరే ఎట్ల తేల్చుకున్నరు?"

చూడ్డానికొచ్చిన అయ్యగారు నా చెయ్యి పట్టుకుని, "నేను నీకు నయం కావాలని ప్రార్థించిన, నువ్వు దాచాలని కాదు" అన్నరు. తర్వాత రాయి తీసేసిండ్రు, కిడ్నీ దక్కింది. దేవునికే మహిమ.

ఆ ఆదివారం నేను తొందరపడి చెప్పిన సాక్ష్యాన్ని ఇవాళ అదే మైకు ముందర వెనక్కి తీసుకుంటున్న. సిగ్గుగానే ఉంది, అయినా తీసుకుంటున్న, ఎందుకంటే ఆనాడు చప్పట్లు కొట్టిన అన్నదమ్ముల్లో నాలాగే పక్క పట్టుకుని కూర్చున్నవాళ్లు ఉండొచ్చు. మన దేవుడు నిజం వినలేనివాడు కాదు, ఆయనను నమ్మండి, డాక్టరుకు చూపించుకోండి. ఆరాధన అయినంక నీళ్ల సీసా పట్టుకుని గేటు కాడ నిలబడతా. మీరేమీ చెప్పక్కర్లేదు, వచ్చి నా పక్కన నిలబడండి చాలు, ఆస్పత్రికి నేను తోడొస్తా.