దర్జీగారి ముందుపన్ను

దారాన్ని కత్తెరతో తెంచే యుగం ఆ చిన్న దర్జీ కొట్లో రెండేళ్ల కిందట ముగిసి, పంటితో కొరికే యుగం మొదలైంది. ఈ మహత్తర పరిణామాన్ని ఏ చరిత్రకారుడూ నమోదు చేయలేదు గానీ, దర్జీగారి ముందుపన్ను చేసింది. దాని అంచున దారమంత సన్నని గాడి పడింది. కుట్టు పూర్తికాగానే ఆయన తల వంచి, దారాన్ని ఆ గాడిలోకి జార్చి పుటుక్కున తెంపేవాడు. చన్నీళ్లు తాగితే ప్రాణం జివ్వుమనేది. పళ్ల డాక్టరంటే గుండె జారే ఆ మనిషిని చివరికి కూతురే చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

“ఇలాగే కొరికితే పన్ను విరుగుతుంది. కొట్లో కత్తెర లేదా?” అన్నాడు డాక్టరు.

“ఉందండీ.”

“మరి వాడరేం?”

“అందదండీ.”

“అటక మీద దాచావా నాన్నా?” అని నవ్వబోయిన కూతురు మధ్యలోనే ఆగిపోయింది. రెండేళ్ల కిందట పోయేదాకా వాళ్లమ్మ ఎదుటి కుర్చీలో గుండీలు కుడుతూ, ఆయన చెయ్యి చాపకముందే దారం కత్తెర అందించేది.

డాక్టరు గాడి పూడ్చాడు. మర్నాడు దర్జీగారు ఒక చొక్కా కాలరు కుట్టి, అలవాటుగా తల వంచాడు. కత్తెర ఆ ఖాళీ కుర్చీ వెనక మేకుకు, ఆవిడ తగిలించిన చోటే ఉంది. టేపు పెట్టి కొలిస్తే, మిషను నుంచి మేకు దాకా నలభై అంగుళాలు.