అడ్డగీతల సీట్లో యూపీఎస్

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా నా నాలుక పడిపోవాలి.

కరోనా రోజుల్లో సూరత్‌లో డిండోలి బస్సెక్కాను. మనుషుల మధ్య ఎడం కోసం సీటు విడిచి సీటుకు అడ్డగీతలు కొట్టారు. నా ముందు కూర్చున్న ఆవిడ పక్కనున్న గీతల సీట్లో కొత్త యూపీఎస్ పెట్టింది. కండక్టర్ తీయమన్నాడు.

అంతకుముందు ఫోన్లో నా తెలుగు విన్నట్టుంది, నావైపు తిరిగింది. “సూడన్నా, మనుషులు కూసోవద్దని గీతలు కొట్టిండ్రు. ఇది మనిషా? మా గల్లీల సాంచలు షురూ అయితే కరెంటు ఊగి కంప్యూటర్ బందైతది. రేపు బిడ్డ పరీక్ష దాంట్లనే. కింద పెడితే గతుకులకు కరాబు గాదా?” సాంచలంటే మరమగ్గాలు.

మరి దానికి మాస్కేదన్నాడు కండక్టర్. ఆమె తన కొంగు దానికి చుట్టింది. అతను సరేనని ముందు సీట్లవైపు వెళ్ళిపోయాడు.

ఆ కొంగు ముచ్చట నేనల్లింది. నిజానికి కండక్టర్ ఒప్పుకోలేదు. ఆమె యూపీఎస్‌ను తన సీట్లో కూర్చోబెట్టి, రెండు చేతులా పట్టుకుని డిండోలి దాకా నిలబడే వచ్చింది.