మిరపకాయ పొట్లం, పత్తి పొట్లం

మనవరాలిని గుంటూరులో ఉంచి చదివించాలా అని ఇవాళ మా కోడలు దేవుడి ముందు చీటీలు వేసింది. వద్దనే వచ్చింది. పిల్ల అన్నం మానేసి కూర్చుంది.

నేస్తం, మన అమ్మలకు రాత రాదు, చీటీలకు బదులు ఆకు పొట్లాలు కట్టేవాళ్లు, గుర్తుందా? నా చదువు కోసం మా అమ్మ ఆంజనేయస్వామి ముందు రెండు పెట్టింది. పత్తి వస్తే బడి, ఎండుమిరపకాయ వస్తే చేను. మూడు మంగళవారాలు మిరపకాయే వచ్చింది. విప్పగానే ఘాటుకు తుమ్మేవాణ్ణి.

"స్వామి చెప్పాడుగా, ఇంక ఆపవే," అన్నాడు నాన్న.

"ఆయన ఒప్పుకునేదాకా అడుగుతా. నువ్వు ఊరుకో," అంది అమ్మ.

నాలుగో వారం పత్తి వచ్చింది. రెండో తరగతితోనే బడి మానేశాను గానీ, నీకు ఈ ఉత్తరం రాస్తున్నది ఆ అక్షరాలతోనే.

కోడలికి చెప్పేశాను. "మంగళవారం మళ్లీ వెయ్యమ్మా."